అరిటాకూ ముల్లూ

ముల్లు వెళ్ళి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్ళి ముల్లు మీద పడ్డా నష్టం అరిటాకుకేనని మన పెద్దవాళ్ళు అంటూ వుంటారు. ఆడపిల్లలకు బుద్ధులు చెప్పడానికి వాడీ వాడీ యీ సామెతను అరగదీశారు గాని, నిజానికి దీనిలో వున్నది నీతిశాస్త్రం కాదు, భౌతికశాస్త్రం. ఎవరు వెళ్ళి ఎవరి మీద పడ్డారన్నదానితో పనిలేదు. దెబ్బ యిద్దరికీ తగులుతుంది. అయినా చిరిగేది మాత్రం ఒకటే. సామెతలో యీ మూడు సంగతులూ వున్నాయి. మొదటి రెండిటికీ న్యూటను మహాశయుడు సంతోషంగా తల వూపుతాడు. మూడో దాని దగ్గరే ఆయనకూ మన అవ్వలకూ తగాదా వచ్చినట్టు కనిపిస్తుంది. ఆ తగాదా తీర్చడమే యీ వారం మన పని.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి న్యూటనుతో ఏమి పని అని మీరు అడగవచ్చు. సంక్రాంతి వచ్చిందంటే మా వైపు పల్లెల్లో న్యూటను సూత్రాలు పుస్తకం విడిచి వీధిలోకి వస్తాయి. అప్పుడు వాటితో అందరికీ పని పడుతుంది.

చంద్రగిరి అనగానే మీకు రాయలవారి కోట జ్ఞాపకం వస్తుంది. ఆ చంద్రగిరి మండలంలోనే ఎ.రంగంపేట అనే వూరు వుంది. 2022 ఏప్రిల్‌దాకా అది చిత్తూరు జిల్లా. యిప్పుడు తిరుపతి జిల్లా. అక్కడి పశువుల పండుగకు చుట్టుపక్కల వూళ్ళన్నీ కదలివస్తాయి. జల్లికట్టు అని కూడా దానికి పేరు. ఎద్దులను కడిగి, అలంకరించి, కొమ్ములకు చెక్క పలకలు కడతారు. ఆ పలకల మీద దేవుళ్ళ బొమ్మలుంటాయి, సినిమా హీరోల బొమ్మలుంటాయి, రాజకీయ నాయకుల బొమ్మలూ వుంటాయి. తరవాత డప్పుల మోత మధ్య ఎద్దులను గుంపులుగా వీధిలోకి వదులుతారు. వీధికి రెండు పక్కలా కాచుకొని వున్న కుర్రవాళ్ళు పరుగెత్తే ఎద్దును నిలవరించి పలక లాక్కోవాలి. పలక సంపాదించినవాడికి పేరు; దక్కనివ్వని ఎద్దుకూ, దాని యజమానికీ అంతకు మించిన పేరు. మిద్దెల మీదా, గోడల మీదా జనమే జనం. సాయంత్రానికి కొందరు పలకలతో యింటికి పోతారు. కొందరు కట్లతో ఆసుపత్రి నుంచి పోతారు.

యీ ఆట వుండాలా, పోవాలా అన్న వ్యాజ్యం చాలా పెద్దది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును నిషేధించింది. 2017లో తమిళనాడు తన చట్టాన్ని సవరించుకొన్నది. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణ చెల్లుతుందన్నది. ఆ వ్యాజ్యంలో నేను వేలు పెట్టను. నా ప్రశ్న చిన్నది: ఎద్దూ మనిషీ ఢీకొన్నప్పుడు ఏం జరుగుతుంది?

ముందు న్యూటను ఏమన్నాడో విందాం. 1687లో అచ్చయిన ‘ప్రిన్సిపియా’ అనే లాటిన్ గ్రంథంలో ఆయన మూడు సూత్రాలు చెప్పాడు. కదలనిది కదలకుండానే వుంటుంది, కదిలేది అదే వేగంతో అదే దారిన తిన్నగా పోతూ వుంటుంది, బయటినుంచి ఏదైనా బలం వచ్చి మార్చేదాకా. యిది మొదటిది; దీన్నే జడత్వం అంటాం. ఎంత బలం ప్రయోగిస్తే కదలికలో అంత మార్పు వస్తుంది. యిది రెండోది. నువ్వు దేన్ని ఎంత బలంతో నెడితే, అది నిన్ను అంతే బలంతో తిరిగి నెడుతుంది. యిది మూడోది.

యీ మూడో సూత్రం చెప్పగానే తరగతిలో వెనక బెంచీ కుర్రవాడెవడో తప్పకుండా లేస్తాడు. “సార్, ఎద్దు నన్ను ఎంత బలంతో గుద్దిందో నేనూ ఎద్దును అంతే బలంతో గుద్దినట్టయితే, నేనెందుకు ఎగిరి పడాలి? అది ఎందుకు పడదు?” కడుపులోనుంచి వచ్చిన ప్రశ్న యిది. మన అరిటాకు ప్రశ్నా యిదే.

సరే, లెక్క వేద్దాం. భయపడకండి, కూడికలూ గుణకారాలూ తప్ప మరేమీ లేవు. మన ఎద్దు 350 కిలోలు అనుకొందాం. సెకనుకు 8 మీటర్ల వేగంతో వస్తున్నది. కుర్రవాడు 60 కిలోలు. దారికి అడ్డంగా కదలకుండా నిలబడ్డాడు. బరువును వేగంతో గుణిస్తే వచ్చేదాన్ని శాస్త్రంలో ద్రవ్యవేగం అంటారు. ఎద్దు ద్రవ్యవేగం 350 ఎనిమిదులు 2,800. కుర్రవాడిది సున్న. ఢీకొన్న తరవాత యిద్దరూ ఒకటిగా ముందుకు పోతారనుకొంటే, ఆ 2,800నే యిప్పుడు 410 కిలోలు పంచుకోవాలి. భాగిస్తే సెకనుకు సుమారు 6.8 మీటర్లు వస్తుంది.

యిక్కడ ఆగి చూడండి. ఎద్దు వేగం 8 నుంచి 6.8కి తగ్గింది, పోయింది 1.2 మాత్రమే. కుర్రవాడి వేగం సున్న నుంచి 6.8కి పెరిగింది. బలం యిద్దరికీ సమానమే, న్యూటను అబద్ధమాడలేదు. కాని ఆ బలం 350 కిలోల శరీరాన్ని కాస్త కుదిపి వదిలిపెట్టింది. 60 కిలోల శరీరాన్ని రెప్పపాటులో విసిరివేసింది. బలం సమానం, ఫలితం అసమానం. అవ్వలు ఫలితం సంగతి చెప్పారు, న్యూటను బలం సంగతి చెప్పాడు. తగాదా తీరిపోయింది.

యీ తాకిడి సెకనులో పదోవంతు కాలం సాగిందనుకొంటే, కుర్రవాడి మీద పడే బలం సుమారు 4,100 న్యూటన్లు. నూరు గ్రాముల వస్తువును అరచేతిలో పెట్టుకొంటే తెలిసే బరువు యించుమించు ఒక న్యూటను. ఆ లెక్కన నాలుగు క్వింటాళ్ళ బరువు ఒక్క క్షణం వాడి మీద కూర్చున్నట్టే. అదీ భుజం మీద పరచుకొని పడితే ఒక మాట. కొమ్ము మొనలో వున్న ఒక్క చదరపు సెంటీమీటరు మీద పడితే మరో మాట. అరిటాకు ముల్లుకు చిరగడంలో వున్న రహస్యం కూడా యిదే: బలం ఎంతయినా అది ఎంత చోటు మీద పంచుకొన్నది అన్నది చూడాలి.

యిప్పుడు ఆటలో ఆరితేరినవాళ్ళు ఏం చేస్తారో చూడండి. వాళ్ళు ఎద్దుకు ఎదురుగా నిలబడరు. అది పోయే దారినే పక్కగా పరుగెత్తుతూ మెడ దగ్గరికో మూపురం దగ్గరికో చేరుతారు. మన కుర్రవాడు ఎద్దు వెంట సెకనుకు 5 మీటర్ల వేగంతో పరుగెత్తుతున్నాడనుకొందాం. వాళ్ళిద్దరి మధ్యా తేడా మూడే మీటర్లు. నిలబడ్డవాడికి తేడా ఎనిమిది. ఎదురు పరుగెత్తినవాడికి అయిదూ ఎనిమిదీ కలిసి పదమూడు. దెబ్బలో బలం కూడా సరిగ్గా యీ లెక్కనే పోతుంది: మూడు, ఎనిమిది, పదమూడు. అదే ఎద్దు, అదే కుర్రవాడు, అదే వీధి. ఎదురు పోయినవాడు పక్కన పోయినవాడికంటే నాలుగు రెట్లకు పైగా దెబ్బ తింటాడు. తాకిడికి ఖర్చయ్యే శక్తి మాట చెప్పాలంటే యింకా భయం వేస్తుంది. అది యీ అంకెల వర్గాల లెక్కన, తొమ్మిది, అరవైనాలుగు, నూట అరవైతొమ్మిదిగా పెరుగుతుంది.

మొదటి సూత్రం కూడా ఆరితేరినవాడి పక్షమే. మూడున్నర క్వింటాళ్ళ శరీరం ఆ వేగంలో వున్నప్పుడు టక్కున పక్కకు తిరగలేదు. తిరగాలంటే నేల దానిని పక్కకు గట్టిగా నెట్టాలి. అందుకే చివరి క్షణంలో పక్కకు ఒక అడుగు వేసినవాడు బతుకుతాడు, వెనక్కు తిరిగి తిన్నగా పరుగెత్తినవాడు దొరికిపోతాడు. వీధి మలుపులో బయటి వైపు నిలబడి చోద్యం చూసేవాళ్ళకు యీ సంగతి మరీ ముఖ్యం. తిరగలేని ఎద్దు వచ్చేది వాళ్ళ మీదికే.

కథ యింతటితో అయిపోలేదు. విసిరివేయబడ్డవాడు ఎక్కడో పడాలి గదా! సెకనుకు 6.8 మీటర్ల వేగమంటే సుమారు ఎనిమిది అడుగుల ఎత్తునుంచి పడితే వచ్చే వేగం. వాడు వెళ్ళి రాతి గోడకు తగిలితే, గోడ వాడిని ఆపడానికి సెకనులో నూరోవంతు కూడా తీసుకోదు. అదే వేగాన్ని పదోవంతులో పొందినప్పటికంటే నూరోవంతులో పోగొట్టుకొన్నప్పుడు బలం పది రెట్లు. ఎద్దు పెట్టిన దెబ్బకంటే గోడ పెట్టిన దెబ్బ పది రెట్లు పెద్దదన్న మాట. అయినా మనం తిట్టేది ఎద్దును!

దెబ్బ తీవ్రత వేగంలో ఎంత వున్నదో, ఆ వేగం ఆగడానికి పట్టే కాలంలోనూ అంత వున్నది. యీ వారం మీరు నా వ్యాసంలో ఒక్క వాక్యమే జ్ఞాపకం పెట్టుకోదలిస్తే అది యిదే. వేగం మన చేతిలో లేకపోవచ్చు. ఆగే కాలాన్ని పెంచడం చాలాసార్లు మన చేతిలోనే వుంటుంది. మన పాత గోదాల్లో కుస్తీ పట్టేముందు మన్ను తవ్వి, పొడిచేసి, మెత్తన చేసేవారు. పడ్డవాడి వీపు మన్నులో నాలుగు వేళ్ళు దిగుతుంది. ఆ దిగే కాలమే వాడి వెన్నెముకను కాపాడుతుంది. తమిళనాట జల్లికట్టు బరుల్లో ఎద్దు బయటికి దూకే చోట కొబ్బరిపొట్టు దట్టంగా పరుస్తున్నదీ అందుకే. అది మనిషినీ కాపాడుతుంది, ఎద్దు కాళ్ళనూ కాపాడుతుంది. ఎద్దుకు నొప్పి లేదనుకోకండి. మూడో సూత్రం దానికీ వర్తిస్తుంది. పదిమంది మీదపడి పడగొట్టినప్పుడు యీ లెక్క తలకిందులై అరిటాకు ఎద్దే అవుతుంది.

మనిషికీ ఎద్దుకూ బరువులో తేడా వుంది గనక యింత ప్రమాదం, సమానులు ఢీకొంటే ఫరవాలేదు గదా అంటారేమో. అయితే చెడుగుడు బరిలోకి రండి. యిప్పుడు దీన్ని కబడ్డీ అంటున్నారు. 1990 బీజింగ్ ఆసియా క్రీడల నుంచి పతకాలు కూడా యిస్తున్నారు. కూతకు వచ్చినవాడు 70 కిలోలు, పట్టేవాడూ 70 కిలోలే. అయినా కూతవాడు ఒంటరిగా నిలిచిన ఒకణ్ణి గుద్దుకొని గీత దాటిపోతాడు; చెయ్యీ చెయ్యీ కలిపి గొలుసు కట్టిన యిద్దరిని దాటలేకపోతాడు. గొలుసు కట్టడంతో వాళ్ళిద్దరూ ఒక్క 140 కిలోల శరీరం అయ్యారు. చేతులు జారాయా, మళ్ళీ డెబ్బై, డెబ్బైగా విడిపోయారు. ఐకమత్యమే బలమని మనం చెప్పే నీతికి అక్కడ తూకం వేసి చూపవచ్చు.

ఆ బరిలో అన్నిటికంటే పాడు దెబ్బ కూతవాడు కొట్టేది కాదు. ఒకే కూతవాడి మీదికి రెండు వైపులనుంచీ వురికిన యిద్దరు తోటి ఆటగాళ్ళు ఒకరి తల ఒకరు గుద్దుకొంటారు. యిక్కడ బరువులు సమానం, బలాలు సమానం, ఫలితమూ సమానం. భుజానికి కండ వుంది, కడుపుకు మెత్తదనం వుంది. అవి నొక్కుకొనిపోయి ఆగే కాలాన్ని పెంచుతాయి. తలకు తల తగిలితే మధ్యన పలుచని చర్మం తప్ప ఏమీ లేదు. తాకిడి సెకనులో వెయ్యో వంతుల్లో ముగిసిపోతుంది. అరిటాకూ అరిటాకూ ఢీకొంటే రెండూ చిరుగుతాయి.

కాలం ఎంత కురచ అయితే దెబ్బ ఎంత గట్టిదో చెప్పడానికి క్రికెట్ బంతికి మించిన సాక్ష్యం లేదు. బంతి బరువు సుమారు 160 గ్రాములు. పేరుపడ్డ ఫాస్ట్ బౌలరు దాన్ని సెకనుకు 40 మీటర్ల వేగంతో వేస్తాడు. ద్రవ్యవేగం 6.4. మన ఎద్దు 2,800తో పోలిస్తే నాలుగువందల వంతుల్లో ఒక వంతు కూడా కాదు! కాని అది గట్టి ఎముకకు తగిలి సెకనులో వెయ్యోవంతులో ఆగిపోయిందనుకోండి: బలం 6,400 న్యూటన్లు. ఎద్దు గుద్దిన దానికి ఒకటిన్నర రెట్లు! పిడికిట్లో యిమిడే వస్తువు ఎద్దును మించిపోయింది.

యిది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1962లో వెస్టిండీస్ పర్యటనలో బార్బడోస్ జట్టుతో ఆడుతూ మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తలకు తగిలి ప్రాణాపాయంలో పడ్డాడు. శస్త్రచికిత్సకు రక్తం అవసరమైతే వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ కూడా రక్తమిచ్చాడు. కాంట్రాక్టర్ బతికాడు, మళ్ళీ టెస్టు మాత్రం ఆడలేదు. అప్పటికి హెల్మెట్లు లేవు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో రమణ్ లాంబా హెల్మెట్ పెట్టుకోకుండా బ్యాటుకు దగ్గరగా షార్ట్ లెగ్గులో నిలబడ్డాడు. బంతి తలకు తగిలింది. ఆయన తనంతట తానే నడిచి మైదానం బయటికి వెళ్ళాడు. మూడు రోజులకు మరణించాడు. 2014 నవంబరు 25న సిడ్నీలో ఫిలిప్ హ్యూస్ హెల్మెట్ పెట్టుకొనే ఆడుతున్నాడు. బంతి హెల్మెట్ కప్పని మెడ భాగంలో తగిలింది. రెండు రోజులకు, యిరవయ్యారో పుట్టినరోజు యింకా మూడు రోజులుందనగా, వెళ్ళిపోయాడు.

లాంబా నడిచి వెళ్ళాడన్న మాట మీద కాసేపు మనసు పెట్టమని మనవి. న్యూటను మొదటి సూత్రం తల లోపల కూడా పనిచేస్తుంది. మెదడు పుర్రెకు అతుక్కొని లేదు. ద్రవంలో తేలుతూ వుంటుంది. పుర్రె చటుక్కున ఆగినా మెదడు తన జడత్వం కొద్దీ ముందుకే పోయి పుర్రె గోడకు తగులుతుంది. అంటే ప్రతి తల దెబ్బలోనూ రెండు దెబ్బలున్నాయి: ఒకటి మనకు కనిపించేది, రెండోది కనిపించనిది. బొప్పి కట్టలేదు, నెత్తురు రాలేదు, కాబట్టి ఏమీ కాలేదు అనుకోవడం మొదటి దెబ్బను చూసి రెండో దాని సంగతి తీర్మానించడమే. లోపల రక్తస్రావం మొదలైతే దాని ఫలితం గంటల తరవాత, ఒక్కోసారి రోజుల తరవాత బయటపడుతుంది.

హెల్మెట్ చేసే పని కూడా యిప్పుడు మీకు అర్థమై వుంటుంది. దాని పైపెంకు బలాన్ని ఎక్కువ చోటుకు పంచుతుంది. లోపలి మెత్త నొక్కుకొనిపోతూ ఆగే కాలాన్ని పెంచుతుంది. ఫీల్డరు క్యాచి పట్టేటప్పుడు చేతులు వెనక్కు లాక్కోవడంలోనూ యిదే కిటుకు. చేతులు బిగబట్టి మూడు సెంటీమీటర్లలో ఆపిన బంతికంటే, వెనక్కు లాగుతూ ముప్ఫై సెంటీమీటర్లలో ఆపిన బంతి పదో వంతు బలంతోనే తగులుతుంది. అరుగు మీదనుంచి దూకే పిల్లవాడికి మోకాళ్ళు వంచి దూకరా అని తల్లి చెప్పే మాటకూ అర్థం యిదే. ఆ తల్లి ‘ప్రిన్సిపియా’ చదవలేదు. అయినా సూత్రం తప్పలేదు.

క్రికెట్ పెద్దలకు బుద్ధి రావడానికి కొంత కాలం పట్టింది. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిన ఆటగాడి బదులు మరొకణ్ణి ఆడించవచ్చునని అంతర్జాతీయ క్రికెట్ మండలి 2019 ఆగస్టులో నియమం పెట్టింది. ఆ నెలలోనే లార్డ్స్ టెస్టులో స్టీవ్ స్మిత్ మెడకు బంతి తగిలింది. ముందు మళ్ళీ వచ్చి ఆడినా, ఆఖరి రోజు అతని బదులు లబుషేన్ బ్యాటు పట్టుకొని వచ్చాడు. జట్టుకు నష్టం లేదు గనక ఆటగాడికి మొహమాటం లేదు. నియమంలోని గొప్పతనమంతా ఆ మొహమాటాన్ని తీసివెయ్యడంలో వున్నది.

మన పశువుల పండుగ వీధిలో అటువంటి నియమం రాసిపెట్టినవాడు లేడు. ఎద్దు కొట్టి పడేస్తే దుమ్ము దులుపుకొని లేచి మళ్ళీ వురికినవాడికే చప్పట్లు; పక్కకు పోయి కూర్చున్నవాడికి ఎగతాళి. యీ చప్పట్లను కొంచెం మార్చడం కష్టమా? తలకు దెబ్బ తగిలినవాడు ఆ రోజుకు ఎద్దు జోలికి పోకూడదని వూరి పెద్దలు ఒక్క మాట అనుకొంటే చాలు. వాంతులు, మగత, తగ్గని తలనొప్పి, పొంతన లేని మాటలు కనిపించాయా, తెల్లవారేదాకా చూద్దాం అనకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకుపోవాలి. వీధి మలుపుల్లో రాతి కూసాలకూ, గోడ మూలలకూ వరిగడ్డి మోపులో గడ్డి కుక్కిన గోనెసంచులో కట్టవచ్చు. గడ్డికి మా పల్లెల్లో కరువు లేదు. పండుగ అయిపోయాక ఎద్దులే దాన్ని తింటాయి. మలుపు బయటి వైపున పిల్లల్నీ ముసలివాళ్ళనూ నిలబెట్టకుండా వుంటే ఖర్చు అసలే లేదు.

పట్నాల్లో వున్నవాళ్ళకు కూడా ఒక మాట. మీ అబ్బాయి గట్టి బంతితో క్రికెట్ మొదలుపెట్టిన రోజున బ్యాటుకంటే ముందు హెల్మెట్ కొనండి. అది కొనేదాకా టెన్నిస్ బంతితో ఆడుకోనివ్వండి. టెన్నిస్ బంతి తాను నొక్కుకొని ఆగే కాలాన్ని పెంచుతుంది. మెత్త బంతిలోనే వున్నది గనక తలకు విడిగా అంత అక్కర లేదు.

అరిటాకు ముల్లు కాలేదు. మనిషి ఎద్దు కాలేడు. వచ్చే కనుమకు యింకా వ్యవధి వుంది గనక, గోనెసంచుల సంగతి మీ వూళ్ళో ఎవరితోనైనా యిప్పుడే ప్రస్తావించి చూడండి.